ధనుష్కోటి ఒడ్డున విడిన కొంగుముడి

శ్రీరస్తు. అవిఘ్నమస్తు. మా కులానికి మూలపురుషుడైన మార్కండేయ మహర్షికి మ్రొక్కి, స్వస్తిశ్రీ కీలక నామ సంవత్సర ఆషాఢ శుద్ధ విదియనాడు, నా కన్ను చూసినదానిని, నా చేయి తాకినదానిని మాత్రమే ఇందులో వ్రాస్తున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మినవాణ్ణి కాను. మాది జమ్మికుంటలో నేతపని చేసుకునే కుటుంబం. తాతతండ్రులు మగ్గం గుంటలో కూర్చుంటే, నేను గురువుగారి అరుగుమీద కూర్చుని కావ్యాలూ వ్యాకరణమూ చదివి, కరీంనగరంలో తెలుగు పండితుడనైనాను. పొగ కనబడితే నిప్పును వెదకడం తర్కం చదివినవానికి అలవాటు. ఈ ఒక్క విషయంలో పొగ చూశాను. నిప్పు ఇంతవరకు దొరకలేదు.

మా అక్క పేరు రాజవ్వ. ఆమె భర్త కనకయ్య బావ సర్వజిత్తు నామ సంవత్సర మాఘమాసంలో, రజాకార్ల గడబిడ నాళ్లలో, షోలాపూరు మిల్లులో పని చూసుకొని వస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు. బ్రతికి ఉండగా చూశామన్నవారు లేరు. చనిపోగా చూశామన్నవారూ లేరు. అక్క బొట్టూ గాజులూ తీయలేదు. బావ మగ్గం తానే నేస్తూ ఆ ఇంట్లో ఒంటరిగా ఉండిపోయింది.

బావను గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయనది ఎడమచేతివాటం. తెగిన పోగును అతికేటప్పుడు ఆయన వేసే ముడి, మేమందరం వేసే ముడికి అద్దంలోని నీడవలె తిరగబడి ఉండేది. ఆయన నేసిన బట్టను వెనుకకు తిప్పి చూస్తే చాలు, అది ఆయన చేతిపని అని మా వాళ్లందరికీ తెలిసేది.

దేశాంతరం పోయినవాని జాడ పన్నెండేళ్లు తెలియకుంటే, మోదుగాకులతో మనిషి బొమ్మ కట్టి, దానికే దహనం చేసి కర్మకాండ జరపాలని శాస్త్రం. వికారి నామ సంవత్సర మాఘంతో ఆ గడువు నిండుతుంది. ఫాల్గుణంలో కర్మ జరిపిద్దామని బావ తమ్ముడు లింగయ్య పట్టుబట్టాడు. ప్రమాణం ఉన్నదా అని అడిగితే ఉన్నదని చెప్పినవాణ్ణి నేనే. ఆ కర్మ జరిగిందంటే అక్క చేతి గాజులు పగులుతాయి. మగ్గమూ ఇల్లూ లింగయ్యవవుతాయి.

అక్క ఏడవలేదు, వాదించలేదు. రామేశ్వరం దీవికి పోయి, సముద్రంలో భర్తతో దంపతిస్నానం చేసి వచ్చిన తరువాతనే ఏదైనా అన్నది.

"లేని మొగనితోని గదేం తానం వదినె? సముద్రంల మునిగితె పోయినోడు లేచొస్తడా?" అన్నాడు లింగయ్య.

"నిన్నేం మునుగుమంటలేను గదా. నీకెందుకయ్యా సలి?" అన్నది అక్క.

భర్త వెంట లేని స్త్రీ అతని పైబట్టను తన కొంగుకు ముడివేసుకొని మునగడం మా పెద్దలనాటి నుండి ఉన్నదే. అయితే ఆ స్నానం బ్రతికి ఉన్నవాని పేరనే చేస్తారు. కర్మను తప్పించుకోవడానికి అక్క ఏదో పన్నుతున్నదని నాకు అనుమానం కలిగింది. ఆ అనుమానాన్ని మూటలో కట్టుకొనే వెంట వెళ్లాను. బయలుదేరేటప్పుడు పెరటి తలుపుకు లోపలి నుండి గడియ పెట్టినవాణ్ణి నేను. వీధి తలుపుకు తాళం వేసి, తాళంచెవిని బొడ్డున దోపుకున్నది అక్క.

మద్రాసులో బండి మారాము. పాంబన్ వంతెన మీదికి రాగానే రెండు ప్రక్కలా నీళ్లు తప్ప మరేమీ లేదు. మా మానేరు వాగు పొంగడమే గొప్ప అనుకున్న మా అక్క, కిటికీ ఊచలు పట్టుకొని కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది.

దీవిలో మూడు నాళ్లున్నాము. ఎటు చూసినా తెల్లని ఇసుక, కొబ్బరిచెట్లు, గవ్వలూ శంఖాలూ అమ్మేవాళ్లు. గుడి మండపంలో వరుస తీరిన స్తంభాల నడుమ నడిచాము, తీర్థబావుల నీళ్లు పోయించుకున్నాము. సముద్రం దగ్గరికి వెళ్లిన మొదటి సాయంత్రం అక్క దోసెడు నీళ్లు తీసి నాలుకకు తాకించి మొగం ముడిచి, అంతలోనే నవ్వింది.

"తమ్మీ, నీ పుస్తకాలల్ల సముద్రం గురించి గంత రాసిన్రు గదా! గింత ఉప్పగుంటదని ఒక్కడన్న చెప్పిండా?"

లవణసముద్రమని చెప్పనే చెప్పారు. కాని అన్నేళ్లకు నవ్విన ముఖాన్ని చూసి, నేనూ ఒక దోసెడు తీసి రుచి చూశాను.

మాఘ పూర్ణిమ ఉదయం ధనుష్కోటికి చేరాము. అక్కడ నేల సన్నని నాలుకవలె సాగిపోయింది. ఒక ప్రక్క నీరు చెరువువలె నిలిచి ఉంది. మరొక ప్రక్క అలలు విరుచుకుపడుతున్నాయి. తెలుగు వచ్చిన పురోహితుడొకడు నిలిచిన నీటి వైపు మమ్ము తీసుకుపోయి సంకల్పం చెప్పించాడు. భర్త పేరు చెప్పమన్నాడు. ఏనాడూ ఆ పేరు నోట పలకని అక్క, సముద్రం వైపు తిరిగి, పిలిచినట్టే పలికింది.

పురోహితుడు ఒక పసుపుకొమ్మును విరిచి, సగం నాకిచ్చి భద్రపరచమన్నాడు. తక్కిన సగాన్ని బావ తనకై నేసుకున్న ఎర్రంచు తువ్వాలు కొసలో చుట్టి, దానిని అక్క కొంగుతో కలిపి, ముడి నేనే వేశాను. పోగు అతికే మా ముడినే వేశాను. తడిసినకొద్దీ బిగిసే ముడి అది. పిమ్మట పురోహితుడు అక్క రెండు గుప్పిళ్లలోనూ ఇసుక పోసి, మునిగి లేచేదాకా వాటిని విప్పరాదన్నాడు.

అక్క మూడు మునకలు మునిగింది. మూడవసారి లేచినప్పుడు కొంగు ఒట్టిగా ఉంది. తువ్వాలు లేదు.

నేను మొదట చూసింది ఆమె చేతులను. గుప్పిళ్లు మూసే ఉన్నాయి. విప్పించి చూశాను; రెండింటిలోనూ ఇసుక ఉంది. నీరు నడుము లోతు, అడుగు కనబడేంత తేట. నేనూ పురోహితుడూ ఎండ ఎక్కేదాకా వెదికాము, దొరకలేదు.

"ఏమైందక్కా?" అంటే, "పట్టుకపోయిండు" అన్నది.

"ఎవరు?"

"గదేం అడుగుడురా?"

తిరుగుబండిలో నేను అక్కకు నచ్చజెప్పాను. ముడి విడిందంటే బంధం తీరిందనే అర్థమనీ, సముద్రమే తీర్పు చెప్పిందనీ అన్నాను. అక్క కిటికీలోనుండి చూస్తూ ఉన్నది. మన అడవులు వచ్చేసరికి మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. వాటిని చూసి కిటికీ తలుపు దించేసింది. "సరే తమ్మీ, ఇంటికి పోయినంక నువ్వెట్లంటె గట్లనే" అన్నది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. అరుగుమీద లింగయ్య కూర్చుని ఉన్నాడు. పక్కనే ఎండిన మోదుగాకుల మోపు. అక్క దానివైపు చూడకుండా తాళం తీసింది. ముగ్గురం ఒకేసారి లోపలికి వెళ్లాము.

నేసిన బట్ట చుట్టే కర్ర మీద, మగ్గానికి అడ్డంగా, ఎర్రంచు తువ్వాలు ఆరవేసి ఉంది.

నేను తాకాను. ఇంకా తడిగానే ఉంది. క్రింద మగ్గం గుంటలో ఇసుక రాలి ఉంది; మానేటి ఇసుక కాదు, తెల్లనిది. తువ్వాలు కొసకు ఒక ముడి ఉంది. దానిని వేళ్లతో కొంచెం సడలించి, లోపలి పసుపుకొమ్మును బయటికి లాగి, నా మూటలోని సగాన్ని దానికి చేర్చాను. విరిగిన చోటు విరిగినచోటికి సరిగ్గా అతికింది. అటువంటి తువ్వాళ్లు రెండుండవచ్చుననే నా అనుమానం అక్కడితో చచ్చింది.

పసుపును యథాస్థానంలో పెట్టబోతూ ముడిని చూశాను. నేను వేసింది కాదు. తిరగబడిన ముడి.

అక్క తువ్వాలు అంచును నాలుకకు తాకించి, "గదే ఉప్పు" అన్నది.

లింగయ్య గడప అవతలికి జరిగాడు. "వదినె, ఇంట్ల ఎవరున్నరు?"

"ఉంటె నీకు కనవడడా? మీ అన్నకు నీయంత సిగ్గు లేదు, దాక్కోనీకె."

పెరటి తలుపు గడియ నేను పెట్టినట్టే ఉంది. పెంకులెక్కి చూశాను; కదిలిన పెంకు లేదు. లింగయ్యనే అనుమానిద్దామంటే, ఆ తువ్వాలు వల్ల నష్టపోయేవాడు అతడే. లాభపడేది అక్క ఒక్కతే. ఆమె ప్రయాణమంతా నా కళ్ల ఎదుటనే ఉన్నది. బావ బ్రతికి వచ్చాడనుకొన్నా, మాకంటె ముందు, తాళం తీయకుండా, సముద్రంలో పోయినదానిని ఎట్లా తెచ్చాడు? వేసవి సెలవుల్లో షోలాపూరు వెళ్లి మనవాళ్ల వాడలన్నీ తిరిగాను. అందరూ ఎరుగమన్నారు.

ఆ మధ్యాహ్నమే లింగయ్య మోదుగాకుల మోపును తలకెత్తుకుపోయి వాగులో వదిలాడు. కర్మ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ శాస్త్రం ఎత్తలేదు. ఏమి జరిగిందో ఆనాడు తెలియలేదు, నేటికీ తెలియదు.

ప్లవంగ నామ సంవత్సర కార్తీక శుద్ధ ఏకాదశినాడు మా అక్క రాజవ్వ, చేతుల నిండా గాజులతో, తన మగ్గం పక్కనే కన్నుమూసింది. ముత్తైదువగానే సాగనంపాము. ఎర్రంచు తువ్వాలును, ఆ ముడి విప్పకుండా, ఆమె కొంగు మీద ఉంచాము.