నురగ పారబోసిన చోట నేల నీళ్లు తాగింది

కువైట్‌లో ఎడారి చూడాలంటే అందరూ చలికాలపు గుడారాల వైపు వెళ్తారు. నేను మాత్రం మా అన్న ఓబులేసు దిగులుగా ఫోన్ చేస్తే, పాత యుద్ధంలో ఒలికిన చమురు ఇంకి నల్లబడిన నేల చూడటానికి బయలుదేరాను. రుమైథియాలో ఓ ఇంట్లో వంటపని మానేసి, అన్న ఈ మధ్యే అహ్మదీ అవతల నేలను శుభ్రం చేసే చోట చేరాడు. నేను వెళ్లిన రోజే అతని పనికి పరీక్ష. అతనికి అప్పగించిన మట్టి మడి నీళ్లు పీల్చకపోతే పని ఖలాస్, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామాకు రెన్యూవల్ ఉండదు.

శనివారం ఉదయం ఏడింటికి అబూ హలీఫాలో టాక్సీ ఎక్కాను. రానుపోను ఎనిమిది దినార్లు. అనుమతి ముందే తీసుకున్నాం కాబట్టి గేటు దగ్గర సివిల్ ఐడీ చూపిస్తే సరిపోయింది. లోపల వాసనకు తల తిరిగింది. నల్లమట్టి మీద నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్లలా దొర్లిపోతున్నాయి.

అక్కడి ఇంజనీరు లక్ష్మిగారిది అమలాపురం. డ్రమ్ముల్లో పెంచే బాక్టీరియా సబ్బులాంటి పదార్థాన్ని తయారు చేస్తుందట. అది మట్టికి అంటుకున్న చమురును విడదీస్తే, బాక్టీరియా ఆ చమురును తినేస్తుందట. డ్రమ్ములో ఉన్నది తెచ్చి తన మడిలో కలపడమే అన్న పని. కంటికి కనబడని ప్రాణి సబ్బు చేయడమేమిటని నోరెళ్లబెట్టాను.

ఆవిడ మా అన్న మడిలో నీళ్లు పోశారు. చుక్క ఇంకలేదు.

"డ్రమ్ములో నురగ ఏంచేశారండీ?" అని అన్నను అడిగారు.

"అది మురికి గదా మేడమ్. పప్పుడికేటప్పుడు నురగ తీసేస్తాం గదా, అట్లే గంటెతో తీసి కంచె పక్కన పారబోస్తి."

"అయ్యబాబోయ్! ఆ సబ్బు మందంతా నురగలోనే ఉంటుందండీ!"

అన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. లక్ష్మిగారు నీళ్ల సీసాతో కంచె దగ్గరికి నడిచారు. అన్న పారబోసిన నురగ తప్ప అక్కడి మట్టికి ఎవరూ ఏ వైద్యమూ చేయలేదు. నీళ్లు పోశారు. ఒక క్షణం నిలబడి, మెల్లగా లోపలికి దిగిపోయాయి. మళ్లీ పోశారు. మళ్లీ దిగిపోయాయి.

"చమురు పోవడానికి నెలలు పడుతుందండీ. దారైతే దొరికింది," అన్నారావిడ నవ్వుతూ. "మడి మళ్లీ మొదలెడదాం. ఓబులేసుగారూ, ఈసారి గంటె నాకిచ్చేయండి."

అన్న తడిమట్టి మీద అరచెయ్యి పెట్టి, "సూస్తివా మే, ఎంత దప్పికతో ఉండాదో," అన్నాడు. ఈ దేశంలో అద్దాల మేడలెన్నో చూశాను. వేటి ముందూ నేనిలా మోకాళ్ల మీద కూర్చోలేదు.

మీరూ వెళ్తే నీళ్ల సీసాలు రెండు తీసుకెళ్లండి. ఒకటి మీకు, ఒకటి ఆ నేలకు.