వరసకి నలభై గళ్ళు

మా మరిదికి కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊపుతాడు, లేస్తే గది ఈ చివరనుంచి ఆ చివరకు కాలు కాలిన పిల్లిలా తిరుగుతాడు. ఇంట్లో అందరం బొంగరం అంటాం. నేను కాపురానికి వచ్చేటప్పటికి స్కూలు సంచి మోసేవాడు కాబట్టి ముప్పై ఐదు దాటినా నాకు వాడు వాడే. పగలు ఒక ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. మిగిలిన వేళల్లో మా వంటింటి బల్ల నాది కాదు, వాడిది.

మూడేళ్ళుగా ఆ బల్లమీద వాడు తయారుచేస్తున్నది బ్రెయిలీ పుస్తకాలు దిద్దే సాఫ్ట్‌వేర్. దాన్ని ఎవరికీ అమ్మడట. రాసిందంతా ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేసి తిరిగి పంపవచ్చు. ముక్కూమొహం తెలియని మనిషెవరో పేజీ నంబర్లు తప్పుతున్న చోటు సరిచేసి పంపిన రోజున వాడు చేసిన హడావుడికి పొయ్యిమీద పాలు పొంగిపోయాయి.

"వదినా, చూడు! తెలియనివాళ్ళు మన పని చేసిపెడుతున్నారు!"

"తెలిసినవాడివి, నువ్వు ఆ పాలు చూస్తే బాగుండేది" అన్నాను.

దీనంతటికీ మూలం నేనే. నేను బ్రెయిలీ ప్రెస్సులో టైపిస్టుని. నా ఎదురు కుర్చీ టీచరమ్మది. ఒకప్పుడు పాఠాలు చెప్పేది, ఆ పేరు అలాగే ఉండిపోయింది. పుట్టుకతో చూపు లేదు. నేను అసలు పుస్తకం పైకి చదువుతుంటే, యంత్రం చుక్కలు పొడిచిన కాగితం మీద ఆవిడ వేళ్ళు పరిగెత్తేవి. తప్పు దొరికితే ఆగి, "నలభై రెండో పేజీ, తొమ్మిదో వరస, మూడో మాట" అనేది. నేను తెరమీద చూసి దిద్దేదాన్ని. పందొమ్మిదేళ్ళు తప్పులు పట్టింది కానీ ఒక్క చుక్క కూడా తన చేత్తో దిద్దలేదు. ప్రెస్సువాళ్ళు కొన్న సాఫ్ట్‌వేర్ కళ్ళున్నవాళ్ళకే పనికొస్తుంది. నేను మరిచిపోయిన భోజనం డబ్బా ఇవ్వడానికి ఒకరోజు మరిది వచ్చి ఇదంతా చూశాడు.

"ఆవిడే దిద్దుకోవచ్చుగా?"

"తెర కనిపిస్తేగా?"

"అయితే తప్పు తెరది" అన్నాడు. అంతే, ఆ సాయంత్రమే నా బల్ల పోయింది.

ఏడాదిన్నరకి చేసింది పట్టుకొచ్చాడు. కీబోర్డు ముందు ఒక పట్టీ పెట్టాడు. తెరమీద అక్షరాలు మారుతుంటే దానిమీద చుక్కలు లేచి పడుతుంటాయి. టీచరమ్మ దానిమీద వేళ్ళు పెట్టి చాలాసేపు వెతికింది.

"నేనిప్పుడు ఎక్కడున్నాను బాబూ?"

"అదిగో, ఆ పసుపు రంగు గడిలో..." అని నాలుక కరుచుకున్నాడు.

ఆవిడ నవ్వలేదు. "అమ్మాయ్, ఆ తెర తీగ పీకెయ్" అంది నాతో. పీకేశాను. "ఇప్పుడు నువ్వు కూర్చో" అంది వాడితో. తను చేసినదాంట్లోనే ఒక్క మాట దిద్దడానికి గంటసేపు తడుముకున్నాడు మహానుభావుడు. అప్పటినుంచి ఇంట్లోనూ తెర ఆర్పేసే పనిచేశాడు. వేళ్ళతో చదవడం అక్షరం అక్షరం నేర్చుకున్నాడు. నాలుగు నిమిషాలు కూర్చోవడం, లేచి తిరగడం, మళ్ళీ కూర్చోవడం. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగేవి.

ఈలోగా మేనేజరు ఒక కబురు చెప్పాడు. తప్పులు పట్టడానికి ఇప్పుడు కంప్యూటర్లే ఉన్నాయట, వచ్చే నెలనుంచి టీచరమ్మ రానక్కర్లేదట. మరిది వెళ్ళి వాదించాడు. చివరికి ఒక పరీక్ష ఒప్పుకున్నారు. రెండోసారి అచ్చుకు వెళ్తున్న కథల పుస్తకాన్ని సోమవారం అందరి ముందూ టీచరమ్మ ఒక్కతే దిద్దాలి. దిద్దితే ఆ కుర్చీ ఆవిడది, లేకపోతే ఇంటికే.

ఆదివారం పొద్దున్న వాడు గెంతుతూ వచ్చాడు. "వదినా, ఇంకోటి కూడా పెట్టాను. అసలు పుస్తకంతో పోల్చి, బ్రెయిలీలో ఎక్కడ మాట తగ్గిందో చెప్పేస్తుంది."

"అదెందుకు ఇప్పుడు?"

"టీచరమ్మే అడిగింది. పుస్తకాల్లో వాక్యాలు కుంటుతున్నాయి, తప్పు రచయితలదో మనదో తేల్చమంది."

తప్పు నాది. బ్రెయిలీలో వరసకి నలభై గళ్ళు, గడికో అక్షరం, పేజీకి ఇరవై ఐదు వరసలు. ఒక మాట కొత్తగా చేరితే వరస జారుతుంది, దాంతో పేజీ జారుతుంది, చివరికి పుస్తకంలో మిగిలిందంతా మళ్ళీ పొడవాలి. "కాగితం దండగ, ఎలాగోలా సర్దండి" అనేవాడు మేనేజరు. నేను సర్దాను. పడిపోయిన మాట ఒకటి చేర్చాలంటే ఆ వరసలోంచి ఇంకోటి తీసేసేదాన్ని. "మెల్లగా", "పాపం", "మళ్ళీ"... లేకపోయినా కథ నడుస్తుందనుకున్న మాటలు. నేను దిద్దిన చోటు మాత్రం టీచరమ్మ తడిమి చూసి, మిగతాది నన్ను నమ్మి వదిలేసేది. అచ్చయిన పుస్తకం తర్వాతెప్పుడో ఇంట్లో చదువుకుని, "ఈ రచయితలకి ఏమొచ్చింది, ఇంత పొడిపొడిగా రాస్తారు?" అని విసుక్కునేది. నేను "అవునండీ" అనేదాన్ని. సిగ్గులేనిదాన్ని!

"అది తీసెయ్యరా" అన్నాను.

"బాగుందిగా?"

"నా తల తినకు. తీసెయ్!"

"ఇప్పుడెలా తీస్తాను? పొద్దున్నే ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేశాను" అని వింతగా చూశాడు.

సోమవారం తెర తీగ పీకేసి ఉంది. టీచరమ్మ మూడు తప్పులు పట్టి మూడూ తనే దిద్దింది. మేనేజరు ముక్కున వేలేసుకున్నాడు. అంతలో కంప్యూటర్ గొంతు అందుకుంది. "ముప్పై ఒకటో పేజీ. ఒక మాట తక్కువ. మెల్లగా." ఆ వెంటనే ముప్పై నాలుగో పేజీ, ముప్పై తొమ్మిదో పేజీ.

"ఇది మీరు చూసి పంపిన పుస్తకమే కదా టీచరమ్మా?" అన్నాడు మేనేజరు. "ఇన్ని వదిలేశారా? ఇంక పరీక్ష దేనికి?"

ఆవిడ వేళ్ళు పట్టీమీద ఆగిపోయాయి. "నేనే సరిగ్గా చూసుకోలేదేమో" అంది చిన్నగా.

ఆ మాటకి నా ఒళ్ళు మండింది, నామీద నాకే. మరిది తిరగడం ఆపేసి నన్నే చూస్తున్నాడు.

"ఆవిడ వదిలెయ్యలేదు, నేనే తీసేశాను" అన్నాను. "మీరు సర్దమన్నారు. నేను మాటలు పీకి సర్దాను. ఇంటికి పంపాలంటే నన్ను పంపండి."



"ఈ ఒక్క పుస్తకమేనా?" అంది టీచరమ్మ.

"కాదు."

"ఈ కథ నా మనవరాలికి చదివి వినిపించాను. ముసలాయన లేచి తలుపు తీశాడు అని చదివితే, 'అమ్మమ్మా, ముసలివాళ్ళు అంత గబుక్కున లేస్తారా?' అంది. రాసినవాడికి తెలీదులే అన్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ, చుక్కకొకటి చొప్పున చుక్కలు కొట్టే ఆరు మీటలమీద వేళ్ళు సర్దుకుని, ఒక్కొక్క అక్షరమే కొట్టింది. ముసలాయన మెల్లగా లేచి తలుపు తీశాడు. ముప్పై ఒకటో పేజీ చివరి వరస ముప్పై రెండులోకి జారిపోయింది.

"ఎన్ని పేజీలు కదిలాయి బాబూ?"

"అరవై రెండు" అన్నాడు మరిది.

"కదలనీ."

మేనేజరు గొంతు సవరించుకుని, "కాగితం ఎంత తెప్పించమంటారు?" అని ఆవిణ్ణే అడిగాడు.

టీచరమ్మ నావైపు తిరిగింది. "అమ్మాయ్, అసలు పుస్తకం తియ్యి. మొదటి పేజీనుంచి చదువు" అంది. నేను కుర్చీ దగ్గరకి లాక్కుని చదవడం మొదలుపెట్టాను, ప్రతి మాటా.