సైలెన్సర్ బోల్టు, బాపు బీడీ

మా బండి సైలెన్సర్ పగిలి చాన్నాళ్లుగా ఊరు దద్దరిల్లుతోంది. ఈ రోజు మోత్కూర్ నుంచి కొత్తది తెచ్చి, నేనే మార్చేద్దామని కూర్చున్నాను. పాత బోల్టు తుప్పు పట్టి మొండికేసింది. డీజిల్ పోశాను, సుత్తితో కొట్టాను. నా చేతి తోలు ఊడింది కానీ బోల్టు ఊడలేదు.

"తుప్పు బోల్టుతోని కొట్లాటెందుకురా, ఇడిసిపెట్టు" అని బాపు ఒకటే పోరు. నా మీద ప్రేమ అనుకున్నాను.

సాయంత్రానికి ఎలాగో ఊడింది. కొత్తది బిగించి, ఊళ్లో ఓ చుట్టు తిరిగి, చప్పుడు లేకుండా ఇంటికొచ్చాను. డాక్టర్ మానేయమన్న బీడీని బాపు కొట్టం వెనక హాయిగా పీలుస్తున్నాడు.

"ఏంది బాపూ గిది?"

"బండి సప్పుడే రాకపాయె! గిట్ల దొంగ లెక్క వస్తార్రా ఇంటికి?" అని నా మీదికే లేచాడు.

ఇప్పుడేమో పాత సైలెన్సర్ పారేయొద్దంటున్నాడు. మీ ఇంట్లోనూ బండి చప్పుడును నమ్ముకుని బతికేవాళ్లున్నారా?