ఆపితే ఆగే డబ్బా

మలేషియాలోని కువాలా సెలంగోర్‌లో ఉండే ఎర్రమ్మకి ఎవరైనా వద్దని చెబితే చాలు, ఆ పని అయ్యేదాకా మనసు నిలిచేది కాదు. ఆమె పుట్టి పెరిగిన, కూలీల ఇళ్ళు కూడా ఉన్న పామాయిల్ తోటని ఇళ్ళ స్థలాలకి అమ్మేసినప్పుడు, అక్కడి రామమందిరంలో పటాలు ఎవరూ కదపకూడదని తోట ఆఫీసువాళ్ళు చెప్పారు. ఎర్రమ్మ ఆ మాట నిమ్మళంగా విని, ఇంటికెళ్ళి మొగుడు తాతబాబు చేత మోటారుసైకిలు తీయించింది. రాముడి పటాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. చాటుగా పోయే దారి ఒకటుందని తాతబాబు అంటే, "దొంగతనం సేత్తన్నామేటి మనం? ఆపీసు ముందునుంచే పోనీ" అంది.

అప్పట్నుంచీ శనివారం సాయంత్రం భజన వాళ్ళింట్లోనే. తాతబాబు పామాయిల్ మిల్లులో కరెంటు పని చేసేవాడు. శనివారం మాత్రం పాట ఎత్తడం ఆయన పని. ఆయన ఒక చరణం పాడి ఆగుతాడు, కూర్చున్నవాళ్ళు అందుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ భజనలన్నీ కెమెరాతో తీశాడు. వాటిని పాత కంప్యూటర్ ఒకదాంట్లో భద్రం చేసి, టీవీ పక్కన చిన్న డబ్బా పెట్టి, కావాల్సినప్పుడు తెర మీదకి వచ్చేలా కలిపాడు. ఆ కంప్యూటర్‌ని ఆయన సర్వర్ అనేవాడు. ఎర్రమ్మ బీరువా అనేది.

పోయిన ఏడాది తాతబాబు పోయాడు. భజన కూడా ఆయనతోనే పోయిందనుకున్నారు ఊళ్ళో. కర్మ అయిన వెంటనే వచ్చిన శనివారం ఎర్రమ్మ టీవీ ముందు చాపలు పరిచి అందర్నీ పిలిచింది. తెర మీద తాతబాబు పాడాడు, ఆడవాళ్ళు అందుకున్నారు. కానీ వీడియోలో అందుకునేవాళ్ళ గొంతులు అడ్డం పడి వీళ్ళ పాట తడబడింది. అందుకని ఎర్రమ్మ తనే ఒక పద్ధతి పెట్టింది. ఆయన చరణం ముగించగానే రిమోట్ నొక్కి ఆపేస్తుంది. ఆయన తెర మీద అలాగే నిలబడి ఉంటాడు. గదిలోవాళ్ళు పాడతారు. మళ్ళీ నొక్కితే తెరలోవాళ్ళు పాడతారు. వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. ముందు వీళ్ళు, వెనక వాళ్ళు. భజన అలా సాగుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం పిడుగు పడి టీవీ పక్కన డబ్బా మాడిపోయింది. సర్వర్ బతికింది. ఇంటర్నెట్ వాళ్ళు ఊరికే ఇస్తున్నారని అల్లుడు కిశోర్‌కుమార్ కొత్త డబ్బా తెచ్చి తగిలించాడు. ఆ శనివారం తాతబాబు చరణం ముగించాడు, ఎర్రమ్మ ఆపింది. రెండు క్షణాలు కూడా కాకుండానే ఆయన మొహం మీదికి ఎర్రగా వేగిన కోడికాలు ఒకటి వచ్చి పడింది. చవక చవక అని మలాయ్ భాషలో ఒక ఆడగొంతు రాగం తీసింది: "మురా, మురా!"

శివగామి తమిళామె అయినా తోటలో పుట్టి ఈ భజనలోనే పెరిగింది. కళ్ళు మూసుకుని తాళం వేస్తోంది. ఎవరు ఎత్తినా అందుకోవడం ఆమెకి అలవాటు.

"మురా, మురా" అని భక్తిగా అందుకుంది. ఆమె వెనకే మిగతావాళ్ళూ.

పక్కింటి దేవుడమ్మ ముందుగా కళ్ళు తెరిచింది. "ఓలమ్మా! శనారం పూట కోడి పాట పాడించేసినాడే తాతబాబు!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఆయన పాడించలేదు" అంది ఎర్రమ్మ. లేచి వైరు పీకేసింది.

కూతురు మోహనప్రియ మొగుడు కిశోర్‌కుమార్‌తో ఆమె దగ్గరే ఉంటుంది, చేతితొడుగుల ఫ్యాక్టరీలో పని. "ఆపకుండా సూడమ్మా. ఆపకపోతే యాడ్ రాదు" అంది.

"ఆపకపోతే మేం ఎప్పుడు పాడాల?"

"ఇను, అంతే."

"ఇని ఊరుకోడానికైతే రేడియో పెట్టుకుందును."

"అందరిళ్ళల్లోనూ ఇదే డబ్బా అత్తా" అన్నాడు కిశోర్‌కుమార్.

"అందరిళ్ళల్లో మీ మావయ్య లేడు" అంది ఎర్రమ్మ. "ఆయన మొకం మీద కోడికాలు పెట్టిన డబ్బా నా గుమ్మంలో ఉండదు. పట్టుకుపో."

ఆ వారంలోనే ఒక భజనని పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని క్లాంగ్ పట్నానికి బస్సెక్కింది. అక్కడ విమలన్ అనే కుర్రాడి దుకాణంలో రకరకాల డబ్బాలు ఉన్నాయి. మొదటిదాంట్లో పెన్‌డ్రైవ్ పెట్టించి, పాట వేయించి, ఆపింది. దుకాణంలో జనం తిరిగి చూస్తున్నా లెక్కచెయ్యకుండా చేతులు జోడించి తన వంతు గొంతెత్తి పాడింది. పాట సగంలో ఉండగానే తెర మీద సబ్బు వచ్చింది.

"ఇది వద్దు."

రెండోది ఆపితే ఆగింది. కానీ టీవీ వేసీ వేయగానే పైన ఒక ప్రకటన పట్టీ జరిగిపోయింది. "అది చిన్నదే ఆంటీ, కళ్ళకి కూడా ఆనదు" అన్నాడు విమలన్ తమిళంలో.

"నాకు ఆనింది."

చివరికి అతను అడుగు అరలోంచి పేరు కూడా లేని నల్లటి డబ్బా తీశాడు. "దీన్ని ఎవరూ కొనరు. మీ సర్వర్‌లో ఉన్నది చూపిస్తుంది, అంతే. సీరియళ్ళు చూపించే కంపెనీలు దీన్ని దగ్గరికి రానివ్వవు, అవి దీంట్లో రావు."

ఎర్రమ్మ పాట వేసి ఆపింది. "నేను టీ తాగి వస్తాను. ముట్టుకోకు" అని వెళ్ళిపోయింది. వచ్చేసరికి తాతబాబు నోరు తెరుచుకుని అలాగే ఉన్నాడు.

"ఇదే."

"మరి నా సీరియల్?" మోహనప్రియ గొంతు తగ్గించింది. "పొద్దంతా మిషన్ కాడ నిలబడి వత్తాను. ఫోన్లో సూస్తే కళ్ళు లాగుతాయి. నాకుండేది అదొక్కటేనమ్మా."

ఆ మాట ఎర్రమ్మకి గట్టిగానే తగిలింది. అయినా డబ్బు కట్టి, డబ్బా తీసుకుని బస్సెక్కింది. కిటికీ పక్క సీటు కూతురికి ఇచ్చింది గానీ, ఒళ్ళో డబ్బాని మాత్రం వదల్లేదు. "కోపముంటే నన్ను తిట్టు" అంది. "నాను మార్సను."

మోహనప్రియ తిట్టింది. ఇంటికి చేరేదాకా తిట్టింది.

శనివారం చాపలు నిండాయి. తాతబాబు చరణం పాడాడు. ఎర్రమ్మ ఆపింది. ఏదో వస్తుందని ఆడవాళ్ళందరూ ఈసారి కళ్ళు తెరుచుకుని తెర వంకే చూశారు. ఏమీ రాలేదు. శివగామి అందుకుంది, దేవుడమ్మ అందుకుంది, గది దద్దరిల్లింది. వాళ్ళ వంతు అయిపోయినా ఎర్రమ్మ రిమోట్ నొక్కలేదు. ఇంకోసారి పాడారు. అప్పటికీ నొక్కలేదు.

టీ గ్లాసులతో వచ్చిన మోహనప్రియ గుమ్మంలో ఆగింది. "నాన్నని ఇంకెంతసేపలా నిలబెడతావమ్మా?"

"నాను సాలన్నదాకా" అంది ఎర్రమ్మ. మళ్ళీ పాడమని ఆడవాళ్ళకి చెయ్యి ఊపింది.