నీళ్లెక్కడివని అడిగే టీచరమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కడియంలో అందరికీ తెలుసు. నెట్ సెంటర్ నడిపేవాడికి ఆ మాత్రం కోపం లేకపోతే సాయంత్రానికి మౌసులు కూడా మిగలవు. అలాంటి నన్ను ఆరేళ్ల పాటు నోరెత్తనివ్వని మనిషి ఒక్కరే. సంపూర్ణమ్మ గారు. హైస్కూల్లో బయాలజీ టీచరు. ఆదివారం చర్చి అవగానే బైబిలు సంచీతో సహా మోపెడ్ మీద నా సెంటర్‌కి వచ్చేసేవారు. మూలనున్న మూడో నంబరు కంప్యూటర్ ఆవిడది. అందులో ఎవడైనా కూర్చుని ఉంటే నేనే లేపేసేవాణ్ణి. లేపకపోతే ఆవిడ నన్ను లేపేసేవారు.

ఇదంతా రెండువేల మూడులో మొదలైంది. నర్సరీల వాళ్లు ఎండిన ఆకులు పట్టుకుని పొద్దున్నే ఆవిడ ఇంటికి వచ్చేవాళ్లు. ఒకడికి చెప్పిందే మర్నాడు ఇంకొకడికి చెప్పాలి. విసుగెత్తి ఒకరోజు నా దగ్గరికి వచ్చారు.

"దొరబాబు గారూ, ఒకరు అడిగిందీ, దానికి చెప్పిందీ అందరూ చూసుకునేలా కంప్యూటర్లో రాసిపెట్టొచ్చా?"

"ఆయ్, ఫోరం అంటారండి దాన్ని. ఒకరు ప్రశ్న వేస్తే కింద మిగతావాళ్లు జవాబులు రాస్తారు. చెరిపితే తప్ప చెరగదు."

"అయితే పెట్టండి."

పెట్టాను. పేరు 'పచ్చాకు'. ఆవిడే పెట్టారు ఆ పేరు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం. ఆవిడ రెండువేళ్లతో కొడుతుంటే నాకు తల ప్రాణం తోకకొచ్చేది.

పెట్టాం సరే, ఆవిడ రూల్సు చూసి జనం బెంబేలెత్తిపోయారు. ప్రశ్న అడిగేవాడు మొక్క పేరు, ఏ నెలో రాయాలి. ఆకు ముందు వైపూ వెనక వైపూ ఫొటో పెట్టాలి. పోసిన నీళ్లు ఎక్కడివో రాయాలి. జవాబు తీసుకుని మాయమైపోకూడదు, తర్వాత ఏమైందో మళ్లీ వచ్చి రాయాలి. బతికిందా, చచ్చిందా, రాయాల్సిందే.

"మొక్కకి జబ్బు చేస్తే నీళ్ల అడ్రసు ఎందుకండీ ఈవిడకి?" అని నా దగ్గర మొత్తుకోనివాడు లేడు. ఆవిడ వింటేగా! నీళ్ల సంగతి రాయకపోతే ఎంత పెద్ద రైతు ప్రశ్నకైనా కింద ఒకటే జవాబు పడేది. 'నీళ్లెక్కడివి? రాశాక మాట్లాడదాం.' దాంతో ఊరంతా ఆవిడకి నీళ్ల టీచరమ్మ అని పేరు పెట్టేసింది. ఆ పేరు ఆవిడకీ తెలుసు. నవ్వేసి ఊరుకునేవారు.

ఈ రూల్సుని దేవుడి మాటలా పాటించినవాడు ఒకే ఒక్కడు, కడియపులంక సత్తియ్య గారు. ఆయనకి అక్షరం ముక్క రాదు. అంటు కట్టడంలో మాత్రం ఆయన చెయ్యి పడితే పుల్ల కూడా చిగురేస్తుందనేవాళ్లు. ఆదివారం వచ్చి ఆవిడ పక్కన స్టూలు వేసుకుని, కంప్యూటర్ వైపు వంగి, దానికి చెవుడున్నట్టు గట్టిగా అరుస్తూ చెప్పేవాడు. "అంత గట్టిగా అక్కర్లేదండీ, రాసేది నేను" అని ఆవిడ అనేవారు. "ఎంత దూరం వెళ్లాలో కదమ్మా" అనేవాడాయన. నవ్వలేక చచ్చేవాణ్ణి. ఆయన చెప్పింది చెప్పినట్టు, అండీలతో సహా కొట్టేవారు ఆవిడ. రెండువేల ఏడులో సత్తియ్య గారు పోయారు. ఆ తర్వాత చాలా వారాలు ఆ స్టూలు అక్కణ్ణుంచి తీయబుద్ధి కాలేదు నాకు.

ఆయన కొడుకు జీవరాజు. తండ్రి ఉన్నన్నాళ్లూ లోడుల మీద బెంగుళూరనీ పూనా అనీ తిరుగుతూ అమ్మకాలు చూసుకునేవాడు. తోటలో అడుగుపెట్టింది తండ్రి పోయాకే. మంచివాడే గానీ హడావుడి మనిషి. రెండువేల ఎనిమిదిలో ఆర్కుట్ అని జనం కబుర్లు చెప్పుకునే సైటులో నర్సరీల కమ్యూనిటీ ఒకటి పెట్టాడు. ఇంకేముంది, తిరనాళ్లే! ఆర్నెల్లకి రెండువేల మంది. ఫొటో పెడితే చాలు, అరగంటలో యాభై కామెంట్లు. 'సూపర్ అన్నా', 'కేక', మధ్యలో ఎవడిదో పుట్టినరోజు. రూల్సు లేవు, నీళ్ల గొడవ లేదు.

పచ్చాకు వాడిపోయింది. రోజుకి ఇరవై ప్రశ్నలు వచ్చే చోట నెలకి నాలుగు రావడం మొదలైంది. రెండువేల తొమ్మిది మార్చిలో వచ్చింది ఒక్కటే, అదీ బట్టతలకి నూనె అమ్ముకునేవాడి ప్రకటన. ఆవిడ అది కూడా చదివి, 'మొక్కల సంగతి కాదు' అని రాసి మరీ తీసేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఏప్రిల్లో ఓ ఆదివారం జీవరాజు సెంటర్లో ఉండగానే ఆవిడ వచ్చారు. వాడి నోరు ఊరుకోలేదు.

"మేడం గారూ, ఇంకా ఎందుకండీ అది? అందరూ ఇటొచ్చేశారు. మూసేసి మీరూ వచ్చేయండి. మీకో ఫొటో పెట్టి ప్రొఫైల్ నేను చేసిపెడతాను."

నాకు ఒళ్లు మండింది. కానీ నేనూ లోపల అదే అనుకుంటున్నాను కదా, ఏ మొహం పెట్టుకుని తిడతాను? ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు.

"మే ముప్పై ఒకటి ఆదివారం. ఈలోపు పచ్చాకు వల్ల ఒక్కరికైనా పనైతే ఉంచుదాం. కాకపోతే నా చేత్తోనే మూసేస్తాను. మీరు సాక్ష్యం, దొరబాబు గారూ."

ఆ రోజు సెంటర్‌కి వచ్చిన ప్రతివాడి మీదా అరిచాను. అయినా కోపం పోలేదు.

ఏప్రిల్ మధ్యలో మామూలుగానే కాలవలు కట్టేశారు. ఏటా ఉండేదే. మరమ్మతులకి నీళ్లు ఆపేస్తారు, జూన్లో గానీ వదలరు. ఆ నెలన్నర నర్సరీలకి గడ్డుకాలం. గుంటల్లో ముందే నీళ్లు నింపుకున్న లోవరాజు గారి లాంటివాడే మహారాజు. జీవరాజు మాత్రం ఆ ఏడు దర్జాగా ఉన్నాడు. కొత్తగా బోరు వేయించాడు, బాగా లోతుగా దించాడు. ధారగా పడుతున్న నీళ్ల ముందు నిలబడి ఫొటో తీయించుకుని ఆర్కుట్లో పెట్టాడు. నూట పది కామెంట్లు. ఆ తోటలో ఎనిమిది వేల మామిడి అంట్లు ఉన్నాయి, జూన్లో కర్ణాటకలో ఓ తోటకి వెళ్లాల్సినవి. తండ్రి చేత్తో అంటు కట్టి పెంచిన చెట్ల నుంచి పుల్లలు కోసి కట్టిన అంట్లవి. తోట వాడి చేతికొచ్చాక మొదటి పెద్ద ఆర్డరు అదే.

మే మొదటి వారానికి ఆకుల కొసలు మాడడం మొదలైంది. జీవరాజు ఫొటో పెట్టాడు. అరవైమూడు కామెంట్లు. ఒకడు మచ్చతెగులన్నాడు, ఒకడు నల్లి అన్నాడు, ఒకడు ఎండదెబ్బ అన్నాడు. ఒక్కొక్కరు ఒక్కో మందు పేరు రాశారు. కంగారులో ఉన్న మనిషి మూడు మందులు కొట్టేశాడు. మాడు కొసల నుంచి అంచులకి పాకింది. మళ్లీ ఫొటో పెట్టాడు. అప్పటికి అందరూ ఎవడిదో పెళ్లి ఫొటోల కింద ఉన్నారు. మొదటి ఫొటో ఎక్కడికి జారిపోయిందో వెతుక్కోవడానికే వాడికి పావుగంట పట్టింది.

మే పదో తారీకు ఆదివారం. నా సెంటర్లో రెండో నంబరులో కూర్చుని, చేతిలో మాడిన ఆకు పట్టుకుని, కామెంట్ల కోసం పేజీ మళ్లీ మళ్లీ తెరుస్తున్నాడు. మనిషి పీక్కుపోయాడు. పక్కనే మూడో నంబరులో ఉన్న ఆవిడ ఆ ఆకు చూశారు.

"ఏదీ, ఇలా ఇవ్వు." ముందు తిప్పి, వెనక తిప్పి చూశారు. "నీళ్లెక్కడివయ్యా?"

వాడికి ఎక్కడలేని కోపం వచ్చింది. "నా అంట్లు పోతున్నాయి మేడం! తోటంతా పోతోంది! ఇప్పుడు కూడా నీళ్లెక్కడివి అంటారేంటండీ?"

"ఇప్పుడే అనాలి. నీళ్లెక్కడివి?"

"బోరువి! కొత్త బోరు! ఫొటో చూళ్లేదా మీరు, ఊరంతా చూసింది!"

ఆవిడ పచ్చాకు తెరిచి, వెతికే గడిలో మామిడి, మే, బోరు అని మూడు మాటలు కొట్టారు. రెండు వేళ్లతోనే. అందరూ తిట్టుకున్న ఆ నీళ్ల రూలు వల్ల ప్రతి ప్రశ్నలోనూ నీళ్ల సంగతి ఉంది, నెల పేరు ఉంది. ఒక్క క్షణంలో రెండువేల అయిదు నాటిది ఒకటి వచ్చింది. అది చూడగానే ఆవిడ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. తర్వాత లేచి నిలబడి, తన కుర్చీ వాడికి ఇచ్చారు.

"నేను చదవను. నువ్వే చదువు."

వాడు పైకే చదవడం మొదలుపెట్టాడు.

'నేను సత్తియ్యనండి, కడియపులంక. మామిడి అంట్లండి. మే నెల. కాలవ కట్టేశారని పక్కతోట బోరు నీళ్లు పదిరోజులు పెట్టానండి. ఆకు కొస మాడింది, తర్వాత అంచులు మాడాయి. ముదురాకు ముందు పోయింది. తెగులనుకుని మందు కొట్టాను, ఇంకా మాడింది. అనుమానం వచ్చి నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయండి. కవర్ల మట్టి మీద తెల్లగా పొడి కట్టింది. ఆ నీళ్లు ఆపేశాను, మందులూ ఆపేశాను. లోవరాజు గారి గుంట నీళ్లు తెచ్చి, కవరు అడుగు నుంచి కారేదాకా రోజు విడిచి రోజు మూడుసార్లు పోశాను. ఉప్పు కడుక్కుపోయిందండి. ఇరవయ్యో రోజుకి చిగురేసింది. ఏమైందో రాయమన్నారు కాబట్టి రాయించాను. మావాడు లోడుతో బెంగుళూరు వెళ్లాడండి. వచ్చాక వాడికీ చెప్పాలి.'

చివరి మాట రెండోసారి చదివాడు. "చెప్పాడండీ," అన్నాడు. "భోజనం దగ్గర చెప్పాడు. ఫోన్లో బేరం మాట్లాడుకుంటూ నేనే వినలేదు." అని ముప్పై ఏళ్లు దాటిన మగాడు నా సెంటర్లో అందరి ముందూ ఏడ్చేశాడు. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెబితే సిగ్గేంటి?

"ఏడుపు తర్వాత," అన్నారు ఆవిడ. "ముందు వెళ్లి నీళ్లు నోట్లో పోసుకో."

ముగ్గురం వెళ్లాం. ఆవిడ మోపెడ్ మీద, మేమిద్దరం జీవరాజు బండి మీద. బోరు దగ్గర వాడు దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు. కవర్ల మట్టి మీద తెల్లటి పొడి, రాసిపెట్టినట్టే ఉంది. అదే సాయంత్రం లోవరాజు గారి గుంటలోంచి ట్యాంకరు కదిలింది.

ఆ ఇరవై రోజులూ మొక్కినంతగా నేను దేవుడికి ఎప్పుడూ మొక్కలేదు. అంట్ల కోసం అని పైకి అన్నాను గానీ, నిజంగా మొక్కింది ముప్పై ఒకటో తారీకు కోసం.

ఆ రోజు రానే వచ్చింది. ఆవిడ చర్చి నుంచి వచ్చి మూడో నంబరులో కూర్చున్నారు. "ఏమైందో ఇంకా ఎవరూ రాయలేదు, దొరబాబు గారూ," అన్నారు. "రాయకపోతే పనైనట్టు కాదు. మాట మాటే." మూసేసే పేజీ తెరిచారు. నేను మెయిన్ స్విచ్ కట్టేద్దామా అనుకున్నాను. ఒట్టు, స్టూలెక్కి చెయ్యి కూడా పెట్టాను.

అప్పుడు దూసుకొచ్చాడు జీవరాజు. చంకలో మామిడి అంటు, మట్టి కవరుతో సహా. తెచ్చి కీబోర్డు పక్కన పెట్టాడు. మాడిన ఆకుల పైన ఎర్రటి లేత చిగురు, తళతళలాడుతోంది.

"వేసేసిందండీ! ఎనిమిది వేలల్లో రెండు మూడు వందలు పోయుంటాయి, మిగతా అన్నీ చిగురేశాయండీ!"

సెంటర్లో ఉన్నవాళ్లంతా లేచి చుట్టూ మూగారు. నేను ఈల వేశాను. నలభై రెండేళ్ల వయసులో! ఆవిడ ఆ చిగురుని ఒక్క వేలితో ముట్టుకుని చూశారు. తర్వాత మూసేసే పేజీని తీసేసి, కుర్చీ వాడికిచ్చారు.

"రాయి. ఇక్కడ రాయి, రూలు ప్రకారం."

వాడు తండ్రి రాయించిన దాని కిందే రాశాడు. తర్వాత ఆ పేజీ అడ్రసు తీసుకెళ్లి తన ఆర్కుట్ కమ్యూనిటీలో అందరికీ కనబడేలా అతికించాడు. 'సరదాకి ఇక్కడ, సమస్యకి అక్కడ. అక్కడికి వెళ్లేముందు నీళ్లెక్కడివో కనుక్కుని వెళ్లండి' అని పైన పెట్టాడు. ఆ వారంలో ఆ పేజీని పద్నాలుగు వందల మంది చూశారు. అదే ఉప్పు నీళ్లు పెడుతున్నవాళ్లు మరో తొమ్మిదిమంది తేలారు. బట్టతల నూనెవాడు తప్ప పాతవాళ్లంతా తిరిగొచ్చారు. ఆర్కుట్ చెడ్డదని నేననను. నాలుగు కబుర్లు చెప్పుకోడానికి మహా బాగుంటుంది. సత్తియ్య గారి మాట మాత్రం నాలుగేళ్లు చెక్కుచెదరకుండా ఉన్నది పచ్చాకులోనే.

ఇంతకీ ఆ రోజు జీవరాజు రాసింది ఆవిడ ఊరికే ఒప్పుకోలేదు. కళ్లజోడు సవరించుకుని మొత్తం చదివారు.

"మొక్క రాశావు, నెల రాశావు. నీళ్లెక్కడివి?"

అందరం ఫక్కున నవ్వాం. జీవరాజు నవ్వలేదు. కీబోర్డు దగ్గరికి లాక్కుని ఇంకో లైను కొట్టాడు.

'నీళ్లు లోవరాజు గారి గుంటవండి. మా నాన్న చెప్పారు. ఈసారి విన్నాను.'