యాభై పౌండ్ల దొరబాబు

దొరబాబు పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. చోవా చూ కాంగ్‌లోని మా విలువిద్య క్లబ్బులో అంతా పాత పద్ధతే. మామూలు వంపు విల్లు, నారి లాగడానికి బొటనవేలికి ఉంగరం, అంతే. శనివారం కొత్తవాళ్ల క్లాసు ఏళ్ల తరబడి ఆయనదే. ముత్తాత ఎప్పుడో కాకినాడలో ఓడెక్కి ఈ దేశం వచ్చాడట. ఈయన ఇక్కడి రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. క్రేన్ దిగాడు గానీ మనుషుల్ని పైనుంచి చూసే అలవాటు మాత్రం పోలేదు.

మొదటి రోజే నా విల్లు చూసి అందరి ముందూ నవ్వాడు.

“ఇదేంటమ్మా శాలినీ, పిల్లలు ఆడుకునేదా? సెంగ్‌కాంగ్ నుంచి ట్రైనెక్కి దీనికా వచ్చావ్? పొద్దున మకాన్ చెయ్యలేదా, ఏమీ తినలేదా?”

లాగడానికి యాభై పౌండ్ల బలం పట్టే తన విల్లు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎంత లాగినా నారి సగం దూరం కూడా రాలేదు.

“చేతుల్తో లాగితే రాదు లాహ్. వీపుతో లాగాలి. తేలిక విల్లు నీ తప్పు దాచేస్తుంది. ఇది దాచదు.”

ఆ తర్వాత నాదానికంటే కాస్త బరువైన విల్లు ఇచ్చాడు. బాణం లేకుండా చెవి దాకా లాగాలి, మెల్లగా వెనక్కి దింపాలి. ఖాళీ నారిని ఒక్కసారి వదిలేస్తే విల్లు పగులుతుంది. కాసేపు అలా చేశాక సొంత విల్లుకి తిరిగి రావాలి. పద్ధతి మంచిదే. నా భుజాలు కిందికి దిగాయి, చెయ్యి వణకడం ఆగింది. అది ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. మనిషే మంచివాడు కాదు. చేతులు వణికేవాళ్లని అనుకరించి నవ్వించేవాడు. ఒక పెద్దావిడ ఏడుస్తూ వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ క్లాసు ఈయన చేతిలోంచి లాక్కోవాలని.

దారి కూడా ఆయనే చూపించాడు. సొంత విల్లుకి తిరిగి రమ్మని అందరికీ చెప్పే మనిషి, తను మాత్రం ఏనాడూ తేలిక విల్లుకి తిరిగి రాలేదు. యాభై దింపితే పరువు పోతుందని భయం. వయసు మీద పడింది, భుజం పాడైంది, నారి చెవి దాకా పోకుండా గడ్డం దగ్గరే ఆగిపోతోంది. అందరికీ కనిపిస్తోంది, నోరెత్తే ధైర్యం ఎవరికీ లేదు.

నాకుంది. క్లాసు చెప్పేవాళ్లు ఏటా సభ్యుల ముందు బాణాలు వేసి భంగిమ చూపించాలని క్లబ్బు నియమం. ఆయన్ని అడిగినవాళ్లు లేరు. కొన్నేళ్లు సాధన చేశాక నేను సెక్రటరీ వివేక్ వెంటపడి అడిగించాను, పోటీగా నా పేరూ ఇచ్చాను. ఎవరి భంగిమ బాగుంటే క్లాసు వాళ్లకి.

నా బాణాలు నేను శుభ్రంగా వేశాను. ఆయన యాభై ఎత్తాడు. నారి గడ్డం దగ్గర ఆగింది, చెయ్యి గజగజ వణికింది. రెండో బాణమూ అంతే.

“అంకుల్, ఏ విల్లయినా పర్లేదు, చూసేది భంగిమే,” అన్నాడు వివేక్. “తేలికది తీసుకుని మళ్లీ మొదలుపెట్టండి.”

ఆయన ఇంకో బాణం తీసి మళ్లీ యాభైకే పెట్టాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“మీ భుజం పోయింది అంకుల్. ఇక్కడ అందరికీ తెలుసు. ఇదిగో, నాది తీసుకోండి,” అంటూ నా విల్లు ఆయన మొహం ముందు పెట్టాను. అవమానించాలనే పెట్టాను.

తీసుకున్నాడు. బాణం ఎక్కుపెట్టి లాగాడు. నారి చెవి దాటి వెళ్లి నిలిచింది. భుజం దిగి ఉంది, చెయ్యి రవ్వంత కూడా కదల్లేదు. అంత చక్కటి భంగిమ ఆ క్లబ్బులో నేనెప్పుడూ చూడలేదు. అలాగే ఆ బాణాలు వేసేస్తే చాలు, క్లాసు ఆయనదే.

వెయ్యలేదు. నారిని మెల్లగా వెనక్కి దింపాడు. బాణం తీసి, విల్లుతో పాటు నా చేతిలో పెట్టాడు.

“ఇది విల్లు కాదమ్మా. క్లాసు నువ్వే చెప్పుకో.”

యాభై పౌండ్లు భుజాన తగిలించుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు శనివారం క్లాసు నాదే. గెలిచావని అందరూ అంటారు. ఎక్కడ గెలిచాను? ఆయన చేతిలోంచి లాక్కుందామనుకున్న క్లాసుని ఆయనే నా మొహాన కొట్టి పోయాడు. అందుకు ఆ ముసలాయన్ని ఈ జన్మలో క్షమించను.