వంటింట్లో మరిగిన సముద్రం

అక్కర మామకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. పడవ లైసెన్సు మీద తప్ప దానికి ఇంకెక్కడా పని పడలేదు. సముద్రంలో ఏది తేలుతూ కనబడినా పడవలోకి లాగి "అక్కరకొస్తుందిలే" అనడం ఆయనకి పుట్టుకతో వచ్చిన జబ్బు. తెగిన తాళ్ళు, మూతల్లేని పీపాలు, జత తప్పిన చెప్పులు, అన్నీ ఇంటికే. ఉన్నవి రెండు గదులు. ఒకటి మనుషులకి, ఒకటి సామాన్లకి. పెద్దగది సామాన్లదే. వాటిలో ఏ ఒక్కటీ ఎవరి అక్కరకీ వచ్చిన దాఖలా లేదు. పెళ్ళాం తిట్టీ తిట్టీ నోరు నొప్పెట్టి ఊరుకుంది.

పడవ మామదీ బావమరిదిదీ ఉమ్మడిది. బావమరిది అంటే ఆవిడ సొంత తమ్ముడు. మోటారు మోత వినే దాని కడుపులో ఏముందో చెప్పేసే మనిషి. పడవ తప్ప ఇంకో లోకం ఎరగడు. పెళ్ళి కూడా తీరిక దొరికాక చూద్దామంటూ ఏళ్ళ తరబడి వాయిదా వేసుకొచ్చాడు.

ఒకరోజు వల లాగుతుంటే తెల్లటి పెట్టె ఒకటి పడింది. గుండ్రంగా, పీటంత ఎత్తుంది. పైన నాణెమంత రాగిబిళ్ళ. చుట్టూ బోలెడు దేశాల జెండాలు, ఏదో భాషలో రెండు ముక్కలు. ముట్టుకోవద్దనే రాసి ఉంటారు. మనవాళ్ళకి ఆ భాష రాదు గనక నిశ్చింతగా ముట్టుకున్నారు. ఎవరో పెద్దవాళ్ళదిలా ఉంది, వదిలెయ్ బావా అన్నాడు బావమరిది. నీళ్ళలో దొరికింది నీళ్ళదే, అక్కరకొస్తుందిలే అన్నాడు మామ.

విచిత్రమేమిటంటే, ఈసారి నిజంగానే వచ్చింది. పొయ్యి పక్కన వేస్తే, దించిన అన్నం గిన్నె పెట్టుకోవడానికి కొలిచి చేయించినట్టు సరిపోయింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో మొగుడు తెచ్చిన వస్తువుని ఆవిడ మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజు మామ వీధిలో నడిచిన నడక చూడాలి, కాలు నేలకి ఆనితే ఒట్టు.

ఇక ఆ పెట్టె కథ. ఆ సముద్రం చుట్టూ ఉన్న దేశాలన్నీ దాన్ని కలిసి కాపాడుకుందామని ఎప్పుడో ఒక సంఘం పెట్టుకున్నాయి. పెట్టుకున్న నాటి నుంచీ కలిసి చేసిన పని ఒక్కటే, భోజనం. నీ నీళ్ళ వేడెంతో ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెబుతానని ఎవరి లెక్కలు వాళ్ళు బీరువాల్లో దాచుకున్నారు. చివరికి ఎవరికీ అనుమానం లేకుండా అందరి జెండాలూ అతికించి, ఇలాంటివి కొన్ని నీళ్ళలోకి వదిలారు. అది తేలుతూ, రాగిబిళ్ళకి నీరెంత వేడిగా తగిలిందో, తానెక్కడుందో అందరి ఆఫీసులకీ ఒకేసారి కబురు పంపుతుంది. మన పెట్టె కూడా పొయ్యి పక్కన కూర్చుని నిజాయితీగా పంపుతూనే ఉంది.

సముద్రం రోజుకి మూడుసార్లు మరుగుతోందని తెలిసేసరికి ఆఫీసులన్నీ అదిరిపడ్డాయి. పెట్టె ఒక వీధి మధ్యలో ఉన్నట్టు కనబడుతోంది కదా అంటారేమో. సముద్రపు పెట్టె నేల మీద ఉండటానికి వీల్లేదు కాబట్టి, కంప్యూటరే ఆ చుక్కని మర్యాదగా నీళ్ళలోకి జరిపింది. అడుగున అగ్నిపర్వతం ఊపిరి వదులుతోందని ఒక దేశం అంది. కాదు, పొరుగువాళ్ళ ఫ్యాక్టరీలు వదిలే వేడినీళ్ళని ఇంకో దేశం అంది. వెళ్ళి ఒకసారి చూసొద్దామని మాత్రం ఒక్కరూ అనలేదు. ఎవరి ఓడలో వెళ్ళాలో తేల్చడానికి మళ్ళీ ఇంకో సంఘం వెయ్యాలాయె!

కానీ అంత భయంలోనూ ఒక మేలు జరిగింది. సంఘం పుట్టాక మొదటిసారి అన్ని దేశాలూ ఒక్క కాగితం మీద సంతకం చేశాయి. చేపలు కోలుకునేదాకా ఆ చుట్టుపక్కల వేట బందు. ఆ చుట్టుపక్కలంటే మామ వీధివాళ్ళు బతికే నీళ్ళే.

పడవలు ఒడ్డెక్కాయి. బావమరిది రోజూ వెళ్ళి, తిరగని మోటారుని తుడిచి వచ్చేవాడు. ఆఖరికి ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, నెలాఖరుకి నీళ్ళు తెరవకపోతే పడవ అమ్మేద్దాం బావా అన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో కాపలా పని చూసుకున్నాడట. అక్క అన్నం పెడతానంటే ఆకలి లేదని వెళ్ళిపోయాడు.

ఆ వారమే సంఘం ఆఫీసరొకాయన వచ్చి, పడవలవాళ్ళని హాల్లో కూర్చోబెట్టి, నీళ్ళెందుకు మూశారో తెర మీద చూపించాడు. ముందు తెల్లటి పెట్టె బొమ్మ. తర్వాత వేడి గీత. పొద్దున ఒక గుట్ట, మధ్యాహ్నం ఒక గుట్ట, రాత్రి ఒక గుట్ట. ఒక ఆదివారం మాత్రం ఏకంగా కొండ. ఆ ఆదివారం మరదళ్ళు పిల్లాజెల్లాతో దిగారు, పెద్ద గిన్నె ఎక్కింది. మామ తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు. పక్కనున్న బావమరిది తెరని చూశాడు, బావని చూశాడు, తల దించుకున్నాడు. నలుగురిలో తిట్టి ఉన్నా అంత బాధుండేది కాదు.

ఇంట్లో చెప్పేసరికి పెళ్ళాం చేతిలో గరిటె ఆగిపోయింది.

"నా తమ్ముడి పొట్ట కొట్టి, ఇన్నాళ్ళూ దాని మీదేనా నేను అన్నం దించుతున్నది?"

మర్నాడు పొద్దున్నే మామ పెట్టెని సంచిలో పెట్టుకుని ప్రయాణికుల లాంచీ ఎక్కి, నడిమధ్యలో నీళ్ళలోకి జారవిడిచాడు. అక్కర మామ ఒక వస్తువు పారేశాడన్న వార్త ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. ఒంట్లో ఎలా ఉందని ఇద్దరు ముగ్గురు వచ్చి పరామర్శించి కూడా వెళ్ళారు.

ఆ పూటే సముద్రం చల్లబడింది. ఇక రేపో మాపో తెరుస్తారని మామ పడవకి రంగు కూడా కలుపుకున్నాడు. మళ్ళీ హాలుకి పిలిచారు. ఆఫీసరు ముఖం వెలిగిపోతోంది. దేశాలన్నీ చెయ్యీ చెయ్యీ కలిపితే మరిగే సముద్రం కూడా చల్లారుతుందని రుజువైందట. వేట బందు అద్భుతంగా పనిచేసిందట. ఇంత బాగా పనిచేసినదాన్ని తీసేస్తారా ఎవరైనా? ఇంకో మూడేళ్ళు పొడిగించారు.

ఆఫీసరు వెంట వచ్చినవాళ్ళ చప్పట్ల మధ్య మామ లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ పెట్టె ఇన్నాళ్ళూ మా వంటింట్లో ఉంది. మీరు చూసింది మా అన్నం గిన్నె వేడి. తప్పు నాది. నన్నేమైనా చెయ్యండి, నీళ్ళు మాత్రం తెరవండి."

హాలంతా గొల్లున నవ్వింది. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. మామని పక్కకి తీసుకెళ్ళి, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మీ మాట నేను నమ్ముతున్నాను పెద్దాయనా. కానీ వీళ్ళంతా ఒక్కమాట మీదికి రావడం ఇదే మొదటిసారి. అది అన్నం గిన్నె మీద కుదిరిందని ఇప్పుడు నేనెలా చెప్పను?"

నెలాఖరుకి పడవ అమ్ముడైపోయింది. కొన్నవాడికి కావలసింది చెక్క. బావమరిది అటువైపు రాలేదు. మామ ఒక్కడే వెళ్ళి, గొడ్డలి దెబ్బలు అయిపోయేదాకా నిలబడి, చుక్కాని పిడి ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. బావమరిది అరచేతి రాపిడికి అది నున్నగా తేలి ఉంది. గుమ్మంలో తిట్లకి సిద్ధపడి నిలబడ్డాడు. ఎప్పుడూ అనే మాట ఈసారి గొంతు దాటి రాలేదు.

ఆవిడ దాన్ని అందుకుంది. చేత్తో ఇసుక దులిపి, పెట్టె ఉండే చోట గోడకి ఆనించింది.

"అక్కరకొస్తుందిలే" అని పొయ్యివైపు తిరిగిపోయింది.